వాళ్ల ఊరి పేరు వాళ్లు చెప్పినట్టే రాద్దాం

ఉక్రెయిన్ రాజధాని పేరు ఇంగ్లీషులో రాయాలంటే నాలుగక్షరాలు: కె, వై, ఐ, వి. మన దగ్గర ఇంకా చాలాచోట్ల కె, ఐ, ఇ, వి అనే రాస్తున్నారు. తెలుగులో అందరం కీవ్ అని రాస్తాం కాబట్టి ఈ తేడా మన కంటికి ఆనదు. ఇంగ్లీషులోకి వెళ్లేసరికి బయటపడుతుంది. బడి గోడకు వేలాడే ప్రపంచ పటంలో పాత స్పెల్లింగు, పోటీ పరీక్షల పిల్లలు బట్టీపట్టే కరెంట్ అఫైర్స్ పుస్తకంలో పాత స్పెల్లింగు, విదేశాల్లో ఎంబీబీఎస్ అంటూ ఊరూరా ఫ్లెక్సీలు కట్టే కన్సల్టెన్సీల కరపత్రాల్లోనూ అదే. ఎందుకండీ అని అడిగితే, "రెండూ ఒకటేగా, ఎలా రాస్తే ఏముంది" అంటారు. రెండూ ఒకటి కావు. ఆ ఊరివాళ్లు ఇది పాతికేళ్లకు పైగా ప్రపంచానికి చెప్పుకొస్తున్నారు. ఇంగ్లీషు రాసే మనవాళ్లందరూ వినాలని నా కోరిక.

హైదరాబాద్‌లో ఒక ఇంగ్లీషు దినపత్రికలో సబ్ ఎడిటర్‌గా చేరి, ఆ డెస్క్ మీదే రిటైరైనవాణ్ని. విదేశీ వార్తల పేజీ చాలాకాలం నా చేతి మీదుగా వెళ్లింది. వాక్యం కాస్త నలిగినా పాఠకుడు సర్దుకుపోతాడు. తన ఊరి పేరు తప్పు పడితే మాత్రం ఊరుకోడు. గోదావరి ఒడ్డున ఉన్న నర్సాపురాన్ని మెదక్ వైపు నర్సాపూర్ చేసి అచ్చువేస్తే పొద్దున్నే ఫోన్లు మోగేవి. పోస్టుకార్డులు వచ్చేవి. అందులో కోపం కన్నా బాధ ఎక్కువ ఉండేది. మా ఊరు మీకు లెక్కలోకి రాలేదా అన్నట్టు ఉండేవి ఆ ఉత్తరాలు. పేర్లు సరిచూడటం డెస్క్ పనిలో చిన్న పని అని నేనెప్పుడూ అనుకోలేదు. దూరదేశపు ఊరికైనా ఆ లెక్కే వర్తిస్తుంది. అక్కడివాళ్లు మనకు ఫోన్ చేయలేరు, అంతే తేడా.

అసలు ఆ ఊరికి ఆ పేరెలా వచ్చింది? కియ్, ష్చెక్, ఖోరివ్ అని ముగ్గురు అన్నదమ్ములు, లిబిద్ అని వాళ్ల చెల్లెలు. ద్నీప్రో నది ఒడ్డు గుట్టల మీద వీళ్లు ఊరు కట్టారనీ, పెద్దన్న కియ్ పేరే దానికి పెట్టారనీ 12వ శతాబ్దపు చరిత్ర గ్రంథంలో ఒక కథ ఉంది. నది ఒడ్డున 1982లో ఈ నలుగురికీ శిల్పం కూడా నిలబెట్టారు. పడవ మీద నిలబడ్డ ముగ్గురు అన్నలు, ముందు చేతులు చాచిన చెల్లెలు. కథలో నిజమెంతో గాని, పేరులోని వ్యాకరణం మాత్రం గట్టిది. చివరనున్న 'ఇవ్' ఉక్రెయిన్ భాషలో షష్ఠీ విభక్తి లాంటిది. కియ్ యొక్క ఊరు కీవ్. డనీలో రాజు తన కొడుకు లెవ్ పేరు మీద కట్టించినది ల్వివ్. ఖార్కివ్, చెర్నిహివ్, మికొలాయివ్ చివర వినపడేదీ ఆ 'ఇవ్'. రష్యన్ భాషలో ఈ చోట 'ఎవ్' అనో 'ఓవ్' అనో వస్తుంది. అందుకే వాళ్లకు అది కీయెవ్, ల్వోవ్, ఖార్కోవ్, చెర్నిగోవ్. పాత ఇంగ్లీషు స్పెల్లింగులోని ఇ అక్షరం అక్కణ్నుంచి వచ్చింది. అంటే ఆ ఒక్క అక్షరంలో ఒక భాష వ్యాకరణం పోయి ఇంకో భాష వ్యాకరణం కూర్చుంది.

రష్యన్లు తమ భాషలో ఆ ఊరిని కీయెవ్ అనుకోవడంలో తప్పేమీ లేదు. వాళ్ల భాష వాళ్లది. కీవ్‌లోనే రష్యన్ మాట్లాడుతూ పెరిగినవాళ్లు లక్షల్లో ఉన్నారు. ప్రస్తుత అధ్యక్షుడు జెలెన్‌స్కీ కూడా రష్యన్ మాట్లాడే ఇంట్లో పుట్టినవాడే. వాళ్లెవరి నోటినీ మార్చమని ఉక్రెయిన్ మనల్ని అడగలేదు. అడిగిందల్లా ఇంగ్లీషు గురించే. మూడో భాష అయిన ఇంగ్లీషు మా ఊరి పేరును మా భాష నుంచి తీసుకోకుండా పొరుగువాడి భాష నుంచి ఎందుకు తీసుకోవాలి, ఇదీ వాళ్ల ప్రశ్న.

దీనికి జవాబు చరిత్రలోనే ఉంది. వెనకటి ఐరోపా పటాల్లో ఈ పేరుకు ఒక స్థిరమైన రూపం లేదు. ఫ్రెంచి ఇంజినీరు బోప్లాన్ 1650లో గీసిన పటంలో కె తర్వాత రెండు ఐలు, ఆ తర్వాత ఓ, డబ్ల్యూ కనపడతాయి. నగరం 17వ శతాబ్దంలో మాస్కో జార్ల చేతికి పోయింది. ఆ తర్వాత బయటి ప్రపంచానికి దాని గురించిన కబురేదైనా రష్యన్ కాగితం మీదే వెళ్లేది. 19వ శతాబ్దం మొదలయ్యేసరికి ఇంగ్లీషులో రష్యన్ రూపం స్థిరపడింది.

స్థిరపడిన ఆ శతాబ్దంలోనే ఉక్రెయిన్ భాష మీద ఏం జరిగిందో చూడండి. 1847లో తరాస్ షెవ్‌చెంకో అనే కవిని అరెస్టు చేశారు. వెట్టివాడిగా పుట్టి, మిత్రులు డబ్బు కట్టి విడిపించాక చిత్రకారుడైనవాడు. 1840లో తన మాతృభాషలో 'కొబ్జార్' అనే కవితా సంపుటి వేసినవాడు. అతన్ని మామూలు సిపాయిగా దూరప్రాంతానికి పంపిస్తూ, రాయడానికి గాని బొమ్మలు వేయడానికి గాని వీల్లేదని జార్ మొదటి నికొలస్ స్వయంగా ఆంక్ష పెట్టాడు. 1863లో జార్ హోంమంత్రి వలుయెవ్ ఒక సర్క్యులర్ ఇచ్చాడు. బడి పుస్తకాలు, మత గ్రంథాలు ఉక్రెయిన్ భాషలో అచ్చువేయకూడదన్నాడు. 1876లో రెండో అలెగ్జాండర్ జర్మనీలోని ఎమ్స్ అనే స్నానఘట్టాల ఊళ్లో విశ్రాంతి తీసుకుంటూ ఇంకా కఠినమైన ఉత్తర్వు మీద సంతకం చేశాడు. ఆ భాషలో పుస్తకాలు అచ్చువేయకూడదు, విదేశాల నుంచి తెప్పించుకోకూడదు, నాటకం ఆడకూడదు, స్వరలిపి కింద పాట మాటలు సైతం వేయకూడదు. 1905 దాకా ఆ పట్టు పూర్తిగా సడలలేదు. ఒక ఊరి జనం తమ భాషలో పాట అచ్చువేసుకోవడానికి వీల్లేని ఆ కాలంలో ఆ ఊరి పేరు ప్రపంచానికి ఏ భాషలో చేరుతుంది? పాలకుడి భాషలోనే చేరింది. ఇవాళ కీవ్‌లోని పెద్ద విశ్వవిద్యాలయానికి షెవ్‌చెంకో పేరే ఉంది.

మాస్కో అనే పేరు రాతలో మొదటిసారి కనపడింది 1147లో. కీవ్‌లో సెయింట్ సోఫియా కేథడ్రల్ అంతకు వంద ఏళ్ల ముందు నుంచీ నిలబడి ఉంది. వయసులో తనకన్నా ఎంతో చిన్నదైన ఊరి ఉచ్చారణలో ప్రపంచానికి పరిచయం కావలసి రావడం ఆ నగరానికి పట్టిన గతి.

మా తరానికి ఆ ప్రాంతమంతా సోవియట్ పుస్తకాల ద్వారానే తెలుసు. విశాలాంధ్ర దుకాణంలో చవగ్గా దొరికే ప్రగతి, రాదుగ ప్రచురణలు చదివి పెరిగాం. ఉప్పల లక్ష్మణరావు గారి లాంటివారు మాస్కోలో కూర్చుని తెలుగు చేసిన పుస్తకాలవి. ఆ పుస్తకాల పట్ల నాకున్న ప్రేమ ఇవాళ్టికీ తగ్గలేదు. కాని అవన్నీ రష్యన్ నుంచి వచ్చాయి. ఉక్రెయిన్, జార్జియా, ఉజ్బెకిస్తాన్ ఊళ్ల పేర్లు కూడా రష్యన్ జల్లెడ దాటి మన దగ్గరికి చేరాయి. మనవాళ్లలో చాలామందికి ఉక్రెయిన్ అంటే రష్యాలో ఒక జిల్లా అన్న భావన పాతుకుపోవడానికి అదొక కారణం. 1991 ఆగస్టు 24న ఆ దేశం స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. డిసెంబరు 1న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో నూటికి తొంభై మందికి పైగా ఔనన్నారు. ఆ దేశం పేరు ముందు ఇంగ్లీషులో 'ది' పెట్టే అలవాటు మాత్రం మనలో ఇంకా కొందరిని వదల్లేదు. అది ఒక ప్రాంతానికి పెట్టే ఆర్టికల్, దేశానికి కాదు. అదీ మానేయాలి.

ఇప్పుడు స్పెల్లింగు ఎలా మారిందో చెబుతాను. ఒక పేరు కాగితాల మీద మారడానికి ఎంత పని పడుతుందో డెస్క్ మీద పనిచేసినవాళ్లకు తెలుసు. 1995 అక్టోబరులో ఉక్రెయిన్ న్యాయ పరిభాషా సంఘం తీర్మానం చేసింది: ప్రభుత్వ పత్రాల్లో ఇంగ్లీషులో రాసేటప్పుడు కె, వై, ఐ, వి అనే రాయాలి. ప్రపంచం పెద్దగా పట్టించుకోలేదు. 2006లో అమెరికా భౌగోళిక నామాల బోర్డు దాన్ని రెండో రూపంగా ఒప్పుకుంది. 2012లో ఐక్యరాజ్యసమితి భౌగోళిక నామాల సదస్సు ఉక్రెయిన్ లిప్యంతరీకరణ పద్ధతిని ఆమోదించింది. 2018 అక్టోబరులో ఆ దేశ విదేశాంగ శాఖ నేరుగా ప్రపంచ పత్రికలకు, విమానాశ్రయాలకు విజ్ఞప్తులు పంపే ప్రచారం మొదలుపెట్టింది. మా రాజధాని పేరు ఇలా రాయండి, అలా కాదు అని ఒక్కొక్కరినీ పేరుపేరునా అడిగింది.

అప్పుడు కదిలింది. 2019 ఫిబ్రవరిలో గార్డియన్ మారింది. జూన్‌లో అమెరికా బోర్డు పాత రూపాన్ని పూర్తిగా తీసేసింది. ఆగస్టులో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ తన స్టైల్‌బుక్ సవరించింది. అక్టోబరులో వాషింగ్టన్ పోస్ట్, బీబీసీ, నవంబరులో న్యూయార్క్ టైమ్స్ ఆ దారి పట్టాయి. అంతర్జాతీయ విమానయాన సంఘం కూడా ఆ ఏడాదే తన జాబితాల్లో మార్చింది. వీటిలో నా దృష్టిలో ముఖ్యమైనది వార్తాసంస్థ మారడం. విదేశీ వార్తకు ప్రపంచంలో ఎక్కువ పత్రికలు ఏజెన్సీ కాపీ మీదే ఆధారపడతాయి. అర్ధరాత్రి ఎడిషన్ మూసే వేళకు కాపీ వస్తుంది, ఉప సంపాదకుడు శీర్షిక పెట్టి పేజీలో పడేస్తాడు. ఏజెన్సీ ఏ స్పెల్లింగు పంపితే పొద్దునకల్లా వందలాది ఊళ్లలో అదే అచ్చవుతుంది. అందుకే ఈ మార్పు అంత వేగంగా పాకింది.

గమనించండి, ఇదంతా 2022 యుద్ధానికి ముందు జరిగింది. యుద్ధం వల్ల వచ్చిన ఆవేశం అనుకునేవాళ్లు ఈ తేదీలు చూడాలి. ఇంకో సంగతి. ఈ పాతికేళ్లలో ఆ దేశాన్ని రకరకాల ప్రభుత్వాలు ఏలాయి. పడమటి వైపు మొగ్గినవాళ్లున్నారు, మాస్కో వైపు మొగ్గినవాళ్లున్నారు. మాస్కోకు దగ్గరవాడని పేరుపడ్డ అధ్యక్షుడు యనుకోవిచ్ హయాంలోనే 2012 యూరో ఫుట్‌బాల్ ఫైనల్ కీవ్‌లో జరిగింది. అప్పుడూ కొత్త స్పెల్లింగే వాడారు. పార్టీలు మారినా ఈ కోరిక మారలేదు. నాకు దీనికన్నా గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

ఇంగ్లీషు అక్షరాల్లో ఊరి పేరు పాడైపోవడం మనకు కొత్త కాదు. నేను పుట్టింది కాకినాడలో. 1923లో మా ఊళ్లో కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. అప్పటి ఇంగ్లీషు కాగితాలు తీసి చూస్తే కొకనాడా అని ఉంటుంది. తెల్లదొర చెవికి ఎలా వినపడితే అలా రాసుకున్నాడు. ఏలూరు ఎల్లోర్ అయింది, మచిలీపట్నం మసూలిపటామ్ అయింది, శ్రీకాకుళం చికాకోల్ అయింది. కడపకు ఇంగ్లీషులో రెండు డీలు, చివర ఒక హెచ్ తగిలించి మోయించారు. 2005లో గాని ప్రభుత్వం ఆ బరువు దించలేదు. రాజమండ్రి 2015లో రాజమహేంద్రవరమైంది. మనం అడిగాం, ప్రపంచం ఒప్పుకుంది. ముంబయి 1995లో, చెన్నై 1996లో, కోల్‌కతా 2001లో, బెంగళూరు 2014లో. లండన్ పత్రికలు మొదట్లో నసిగినా చివరికి చాలావరకు మన మాట ప్రకారమే రాస్తున్నాయి. తన ఊళ్ల పేర్లను సరిచేయించుకున్న దేశం, ఇంకొకరు అదే అడిగినప్పుడు విననట్టు ఊరుకోవడం నాకు మింగుడుపడదు.

పేరు మారిస్తే ఎక్కడెక్కడో చిక్కులొస్తాయని భయపడేవాళ్లకు రైల్వే ఒక దారి చూపించింది. విజయవాడ స్టేషన్ కోడ్ ఇప్పటికీ బీజెడ్ఏ. బెజవాడ నాటి అక్షరాలు. కాకినాడ టౌన్ కోడ్ సీసీటీ. మొదటి రెండు సీలూ కొకనాడాలోవే. టిక్కెట్ల కంప్యూటర్ దాని మానాన అది నడుస్తోంది, బోర్డు మీద మాత్రం మన పేర్లున్నాయి. కీవ్ నగరానికి విమానయాన కోడ్ ఇవాళ్టికీ ఐ, ఇ, వి. ఆ కోడ్ మార్చమని నేనడగను. కోడ్ యంత్రానికి, పేరు మనిషికి.

నాతో వాదించే మిత్రులు ఎప్పుడూ తెచ్చే ప్రశ్న ఒకటుంది. రోమ్‌ను ఇటాలియన్లు రోమా అంటారు, వియన్నాను ఆస్ట్రియన్లు వీన్ అంటారు, మాస్కోను రష్యన్లు మస్క్వా అంటారు. మరి వాటిని వదిలేసి ఈ ఒక్క ఊరి మీద పట్టుదలేమిటి? మంచి ప్రశ్నే. ఆ ఊళ్ల ఇంగ్లీషు పేర్లు పాత రాకపోకల్లో పుట్టినవి. రోమ్ అనే మాటను రోమన్ల నోరు నొక్కినవాడెవడూ ఇంగ్లీషువాళ్లకు అందించలేదు. పైగా ఇటలీ గాని ఆస్ట్రియా గాని మార్చమని అడగలేదు. రేపు అడిగితే ఆలోచించాల్సిందే. చైనా 1979 నుంచి విదేశీ భాషల్లో బీజింగ్ అని రాస్తోంది, లోకం మెల్లగా పీకింగ్‌ను వదిలింది. బంగ్లాదేశ్ 1982లో తన రాజధాని ఇంగ్లీషు స్పెల్లింగు నుంచి రెండు సీలు తీసి ఢాకా అని పలికేలా మార్చుకుంది. ఎవరికీ కష్టం కలగలేదు.

ప్రభుత్వం అడిగిందంటే చాలు, తలూపేయాలని కూడా నేననను. 1989లో బర్మా సైనిక ప్రభుత్వం రంగూన్‌ను యాంగాన్‌గా మార్చింది. అప్పటికది రాజధాని. ప్రజల్ని అడగకుండా తుపాకీ పట్టుకున్నవాళ్లు చేసిన మార్పని అక్కడి ప్రజాస్వామ్యవాదులు చాలామంది పాత పేర్లే పట్టుకున్నారు. వాళ్ల మాటకు విలువుంది. మా గోదావరి జిల్లాల నుంచి, శ్రీకాకుళం వైపు నుంచి ఆ ఊరికి ఓడలెక్కిన జనం లెక్కలేనంతమంది. మా పెద్దవాళ్లకు అది రంగూన్ కూడా కాదు, రంగం. "రంగం వెళ్లాడు" అంటే బతుకుతెరువుకు సముద్రం దాటాడని అర్థం. ఆ మాటలో మా కూలీల చెమట ఉంది, దాన్ని ఎవరూ మార్చమనరు. ఇక్కడ చూడాల్సినవి రెండు: అడుగుతున్నది ఎవరు, పాత పేరు ఎవరి ద్వారా వచ్చింది. కీవ్ విషయంలో రెండింటికీ జవాబు స్పష్టంగా ఉంది.

ఇది రాజకీయం, మనకెందుకు అనేవాళ్లూ ఉన్నారు. 2022 మార్చి 2న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో ఉక్రెయిన్ తీర్మానం మీద భారత్ ఓటు వేయకుండా తటస్థంగా ఉంది. దానికి ముందురోజే కీవ్‌లోని మన రాయబార కార్యాలయం మనవాళ్లందరూ వెంటనే నగరం విడిచి వెళ్లాలని ప్రకటన ఇచ్చింది. ఆ ఇంగ్లీషు ప్రకటనలో ఉన్నది కె, వై, ఐ, వి. 2024 ఆగస్టు 23న ప్రధాని మోదీ పోలెండ్ నుంచి రైల్లో ఆ నగరానికి వెళ్లినప్పుడూ మన విదేశాంగ శాఖ అలాగే రాసింది. ఎటూ ఓటు వేయని ప్రభుత్వం కూడా ఊరి పేరు ఊరివాళ్లు చెప్పినట్టే రాసింది. స్పెల్లింగు దిద్దుకుంటే ఏదో పక్షం చేరినట్టని భయపడే డెస్కులకు ఇంతకన్నా భరోసా ఏముంటుంది?

రాజకీయం చేస్తున్నది నిజానికి రెండో వైపు. 2021 జులైలో రష్యా అధ్యక్షుడు పుతిన్ తన పేరు మీద సుదీర్ఘ వ్యాసం ప్రచురించాడు. రష్యన్లు, ఉక్రెయినియన్లు ఒకే ప్రజ అన్నది దాని సారాంశం. ఏడు నెలల తర్వాత సైన్యం కీవ్ పొలిమేరల దాకా వచ్చింది. మీకు వేరే భాష లేదు, వేరే జాతి లేదు అని ఫిరంగులతో చెబుతున్న వేళ, ఆ ఊరి పేరును దండెత్తినవాడి వ్యాకరణంలో రాయడం నావల్ల కాదు.

మా మేనకోడలు ఆ ఊళ్లోనే వైద్యం చదివింది. 2022 ఫిబ్రవరి చివర హాస్టల్ నేలమాళిగలో తలదాచుకుని, మార్చి మొదట్లో రైలు దొరికించుకుని ల్వివ్ మీదుగా హంగరీ సరిహద్దు దాటి బుడాపెస్ట్ నుంచి విమానం ఎక్కింది. ఆ రోజుల్లో దాదాపు 22,500 మంది మనవాళ్లు అలా తిరిగొచ్చారు. వాళ్లలో తెలుగు పిల్లలు చాలామంది. ఆ తర్వాత ఎలాగో చదువు పూర్తిచేసుకుంది. డిగ్రీ మీద, మార్కుల జాబితా మీద, అపోస్టిల్ ముద్ర మీద నగరం పేరు కొత్త స్పెల్లింగులో ఉంది. ఇక్కడ ఒక కార్యాలయం ఆన్‌లైన్ దరఖాస్తులో ఊరిని జాబితాలోంచి ఎంచుకోవాలి. ఆ జాబితాలో పాత స్పెల్లింగొక్కటే ఉంది. అదే ఎంచుకుంది, వేరే గత్యంతరం లేదు. పరిశీలనలో పేరు కలవలేదని ఫైలు ఆపారు. రెండు ఊళ్లూ ఒకటేనని నోటరీ చేయించి వన్ అండ్ సేమ్ సర్టిఫికెట్ తెమ్మన్నారు. మనుషుల ఇంటిపేర్లు తేడా వస్తే అడిగే కాగితాన్ని ఒక దేశ రాజధానికి అడిగారు. మా మేనకోడలు స్టాంపు పేపరు పట్టుకుని మా ఇంటికొచ్చి, "మావయ్యా, బాంబులు పడుతున్నప్పుడు కూడా స్టేషన్లో బోర్డు మీద ఆ ఊరి పేరు సరిగ్గానే ఉందండీ. ఇక్కడికొచ్చాక దాన్ని నేను రుజువు చేయాలా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ పిల్లతో పాటు చదివినవాళ్లు ఎంతమంది ఇలా నోటరీల చుట్టూ తిరిగారో.

ఇలాంటి ఫారాలు తయారుచేసేవాళ్లకు పని పెద్దదేమీ కాదు. జాబితాలో కొత్త పేరు చేర్చాలి, పాత స్పెల్లింగు కొట్టినా ఆ పేరే వచ్చేలా చూడాలి. విదేశాంగ శాఖ వాడుతున్న స్పెల్లింగునే రాష్ట్రాల్లోని కార్యాలయాలూ వాడితే పిల్లలకు ఈ తిప్పలుండవు. పాఠ్యపుస్తకాలు, అట్లాసులు పునర్ముద్రణకు వచ్చినప్పుడు ఒక్కసారి దిద్దితే చాలు. కరెంట్ అఫైర్స్ పుస్తకాలు ఏటా కొత్తవే వేస్తారు కాబట్టి వాళ్లకు ఆ సాకు కూడా లేదు.

ఈ ఊరు మనకు ఇంకో రకంగానూ దగ్గరైంది. 'ఆర్ఆర్ఆర్'లో 'నాటు నాటు' పాట 2021 ఆగస్టులో తీసింది కీవ్‌లోనే, అధ్యక్షుడి అధికారిక వేడుకలు జరిగే మరీయిన్‌స్కీ ప్యాలెస్ ముందు. ఆ పాటకు 2023 మార్చిలో ఆస్కార్ వచ్చినప్పుడు ఆ నగరం బాంబుల కింద ఉంది. కీరవాణి, చంద్రబోస్ పేర్లు విదేశీయులు సరిగ్గా పలికితే మనం ఎంత మురిసిపోయామో గుర్తుందా? ఆ పాట గురించి ఇంగ్లీషులో గర్వంగా రాసుకునే మన కుర్రాళ్లు దాన్ని తీసిన ఊరి పేరును పాత అక్షరాల్లో రాస్తుంటే చూడలేకపోతున్నాను. అతిథిగా ఆదరించిన ఊరికి ఆ మాత్రం మర్యాద చెల్లించాలి.

పాతదాన్నంతా చెరిపేయమని నేననడం లేదు. ముసోర్గ్‌స్కీ 1874లో కట్టిన పియానో కృతిలో చివరి భాగానికి ఈ నగర ద్వారం పేరుంది. దాన్ని అప్పటి స్పెల్లింగులోనే ఉంచాలి. రెండో ప్రపంచ యుద్ధం మీద వచ్చిన పుస్తకాల శీర్షికలు, పాత వ్యాసాల్లోంచి తీసుకున్న ఉల్లేఖనలు ఉన్నదున్నట్టు ఉండాలి. ఈ ఊరి పేరుతోనే పిలిచే, వెన్న కూరి వేయించే కోడి వంటకం పేరును బ్రిటన్ దుకాణాలు కొన్ని 2022లో మార్చాయి. అది వాళ్లిష్టం, హోటల్ మెనూల మీద పట్టుబట్టే ఓపిక నాకు లేదు. ఇవాళ జరుగుతున్న వార్త, ఇవాళ ఉన్న నగరం, ఇవాళ అచ్చయ్యే పటం, వీటి గురించే నా పట్టుదల.

తెలుగులో కీవ్ అని రాస్తున్నాం, దాన్ని కదపక్కర్లేదు. ఉక్రెయిన్‌వాళ్ల నోట మొదటి అచ్చు పొట్టిగా, ఇకారానికీ ఎకారానికీ మధ్యలో పలుకుతుంది. చివరి వకారం సగం ఉకారంలా కరిగిపోతుంది. మన లిపిలో అది అచ్చంగా పట్టుబడదు, అయినా కీవ్ దానికి చాలా దగ్గర. జర్మనీ విదేశాంగ శాఖ 2024లో తమ భాషకు తగ్గట్టు వేరే అక్షరాలతో కొత్త రూపం తీసుకుంది. ఏ భాషకు ఆ భాష తోవ ఉంటుంది. ఇంగ్లీషుకు మాత్రం ఆ దేశమే నాలుగక్షరాలు ఎంచి చేతికిచ్చింది.

రాజధానితో పాటు మిగతా ఊళ్లనూ ఒకేసారి దిద్దుకుంటే మంచిది. మన విద్యార్థులు వందలాదిగా చదివిన ఖార్కివ్‌కు ఇంగ్లీషులో చివర ఐ, వి రావాలి. ఓ, వి కాదు. 2022 మార్చి 1న కర్ణాటక కుర్రాడొకడు షెల్లింగ్‌లో ప్రాణం పోగొట్టుకున్నది ఆ ఊళ్లోనే. 1986లో అణు ప్రమాదం జరిగిన చోటికి ఉక్రెయిన్ భాషలో చొర్నోబిల్ అని పేరు. పాత రూపం బాగా పాతుకుపోయింది కాబట్టి దానికి కొంత వ్యవధి పడుతుంది. ఒడెసా సులువు. ఇంగ్లీషులో రెండు ఎస్‌ల బదులు ఒక్కటి చాలు. 2023 జనవరిలో యునెస్కో ఆ నగరపు పాత భాగాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఒక్క ఎస్‌తోనే రాసుకుంది.